కర్త యాడున్నడు తమ్మీ?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, షిఫ్టుల సందున పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లిష్‌లో తప్పు పట్టే బిట్లే పెద్ద గండం. ఆ తప్పులు పుట్టేది మన తెలుగులోనే. వాటిని పట్టే కొలకర్ర కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఉదయం ఆరు కావొస్తుండగా ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే రెండు గుంపులు ఎదురెదురుగా కనిపిస్తాయి. పాశమైలారం వైపు నుంచి సి షిఫ్టు దిగి వస్తున్న ఎర్రటి కళ్లు ఒకవైపు, ఏ షిఫ్టుకు పోతున్న తడి జుట్లు మరోవైపు. టీ బండి దగ్గర రెండూ కాసేపు కలుస్తాయి. ఒడియా వినిపిస్తుంది, భోజ్‌పురి వినిపిస్తుంది, మన మెదక్ తెలుగు వినిపిస్తుంది. చాయ్ తాగుతూ ఫోన్‌లోకి తల దూర్చినవాళ్లలో కొందరు చూస్తున్నది మాక్ టెస్ట్. ఐటీఐ చేసి ఆపరేటర్లయినవాళ్లు, బీఎస్సీ చదివి కెమిస్టులయినవాళ్లు, బీటెక్ పట్టా ఉండి కాంట్రాక్టు మీద బతుకుతున్నవాళ్లు. సర్కారు కొలువు వాళ్ల ఆశ. లెక్కలు చేసేస్తారు. రీజనింగ్ చేతికి అలవాటైపోయింది. వాక్యంలో తప్పెక్కడుందో చెప్పమనే ఇంగ్లిష్ బిట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలు తెర మీద ఆగిపోతుంది.

ఒకప్పుడు అలా ఆగిపోయిన వేళ్లలో నాదీ ఒకటి. కెమిస్ట్రీ డిగ్రీ అయ్యాక ఈ ఫ్యాక్టరీల బెల్టులోనే ఒక మందుల కంపెనీలో ట్రైనీగా చేశాను. ఒకరోజు లాగ్‌బుక్‌లో రాశాను: "ది టెంపరేచర్ ఆఫ్ ది రియాక్టర్స్ వర్ నార్మల్." క్వాలిటీ విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు. సంతకం పెట్టబోతూ ఆగి, నా 'వర్' మీద వేలు పెట్టారు.

"కర్త యాడున్నడు తమ్మీ?"

"రియాక్టర్స్ సార్."

"తెలుగుల చెప్పు."

"రియాక్టర్ల టెంపరేచర్ నార్మల్‌గ ఉన్నది సార్."

"ఉన్నది అంటివా, ఉన్నయ్ అంటివా?"

నా నోటి నుంచే వచ్చింది 'ఉన్నది' అని. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు 'రియాక్టర్స్' అనే బహువచనం క్రియ పక్కనే కూర్చుని నన్ను తప్పుదారి పట్టించింది. తెలుగులోకి తిప్పగానే అసలు కర్త వచ్చి క్రియ పక్కన నిలబడింది. ఆయన 'వర్' మీద ఒక్క గీత గీయించి, పైన 'వాజ్' రాయించి, సంతకం, తేదీ వేయించారు. మందుల కంపెనీలో అదే రివాజు. తప్పును చెరిపేయకూడదు, దాని మీద దిద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒక్క గీత, కింద తప్పు కనపడుతూ ఉండాలి.

ఇన్నేళ్లలో ఎన్నో గైడ్లు చూశాను, ఎన్నో కోచింగ్ క్లాసుల్లో వెనక బెంచీల మీద కూర్చున్నాను. ఆ అర నిమిషంలో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. "తెలుగులో ఆలోచించడం మానేయండి, ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి" అని క్లాసుల్లో చెప్తుంటారు. షిఫ్టులో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఆ మాట ఎందుకూ పనికిరాదు. పుట్టినప్పటి నుంచి ఆలోచిస్తున్న భాషను ఒక నోటిఫికేషన్ కోసం ఎవరూ మానలేరు. మానక్కర్లేదు కూడా. మన తెలుగు ఎక్కడ చెయ్యిస్తుంది, ఎక్కడ కాలు లాగుతుంది అని తెలిస్తే చాలు.

ఈ బిట్లకు ఎంత విలువుందో ముందు చూద్దాం. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ సీజీఎల్ మొదటి అంచెలో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. అందులో ఇంగ్లిష్‌వి 25, మార్కులు 50. ఇంటర్ అర్హతతో రాసే సీహెచ్‌ఎస్‌ఎల్ మొదటి అంచె కూడా అంతే. సీజీఎల్ రెండో అంచెకు వెళ్తే ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు. మొత్తం 135. ఐబీపీఎస్ ప్రొబేషనరీ ఆఫీసర్ ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలకు విడిగా 20 నిమిషాల గడియారం. మన రాష్ట్రంలో ఎస్సై తుది రాతపరీక్షలో ఇంగ్లిష్ ఒక విడి పేపరు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పదో తరగతి స్థాయిదే, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. అయినా అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లను లెక్కలోకి తీసుకోరు. ఇంగ్లిష్ గోల లేని దారులూ ఉన్నాయి. రైల్వే ఎన్‌టీపీసీలో ఇంగ్లిష్ విభాగమే లేదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగులోనూ రాయనిస్తున్నారు, భాషా విభాగంలో మాత్రం హిందీయో ఇంగ్లిషో ఎంచుకోవాలి. బెల్టులో చాలామంది రైల్వే వైపు మొగ్గడానికి ఇదొక కారణం. కానీ ఇంగ్లిష్ భయంతో సీజీఎల్‌నే వదులుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తప్పు పట్టే బిట్లకు పైదేశాల పుస్తకాలు చెప్పే మొదటి సలహా ఒకటుంది: వాక్యాన్ని మనసులో పైకి చదువుకో, చెవికి ఎక్కడ ఎబ్బెట్టుగా తగిలితే అక్కడ తప్పు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుకునే పిల్లలకు అది బాగానే పనిచేస్తుంది. మన చెవి అలా తయారవలేదు. "డిస్కస్ అబౌట్ ది ఇష్యూ" అని లెక్చరర్ అనగా విన్నాం, మేనేజర్ అనగా విన్నాం, నోటీసు బోర్డు మీద చదివాం. మన చెవికి అదే ఒప్పు. "డిస్కస్ ది ఇష్యూ" అంటేనే ఏదో ఊడిపోయినట్టుంటుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మన చెవికి ఒప్పుగా వినిపించే చోటే తప్పును దాస్తారు.

చెవి పనిచేయని చోట ఫ్యాక్టరీలో ఏం చేస్తారో ఈ బెల్టులోవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. షాఫ్టు సరైన సైజులో ఉందా లేదా అని ఎవరూ కళ్లతో అంచనా వేయరు. గో, నో-గో గేజ్ తీసుకుంటారు. గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. వాక్యానికీ అలాంటి గేజులే కావాలి, అవీ ఒక వరుసలో. ఆ వరుస నా దృష్టిలో ఇదీ: ముందు క్రియ, దాని కర్త, ఆ తర్వాత కాలం, ఆ తర్వాత చిన్న మాటలు. ఇక్కడిదాకా ఏదీ అడ్డుపడకపోతే జంట పదాలు.

మొదటి గేజ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగు మనకు అక్కడ పెద్ద అండ. మన వాక్యంలో విశేషణాలు, 'యొక్క'లు, 'ఉన్న'లు అన్నీ ముందే వచ్చేసి, అసలు నామవాచకం క్రియ దగ్గర నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో అసలు నామవాచకం ముందు వచ్చి, తోక వెనక వేలాడుతుంది. "ది లిస్ట్ ఆఫ్ వర్కర్స్ ఆన్ నైట్ షిఫ్ట్ హ్యావ్ కమ్" అని ఇచ్చారనుకోండి. క్రియకు ముందు 'వర్కర్స్' ఉంది, 'షిఫ్ట్' ఉంది, అసలు కర్త మాత్రం దూరంగా ఉంది. తెలుగులోకి తిప్పండి: నైట్ షిఫ్టులో ఉన్న వర్కర్ల లిస్టు వచ్చింది. 'వచ్చారు' అని ఎవరూ అనరు. కాబట్టి అక్కడ 'హ్యాజ్' ఉండాలి. తిప్పే టైము లేకపోతే 'ఆఫ్' నుంచి క్రియ దాకా ఉన్నదాన్ని బొటనవేలితో మూసేయండి.

'వన్ ఆఫ్ ది' బిట్టు దాదాపు ప్రతి పరీక్షలోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది. దానికి రూలు బట్టీ పట్టనక్కర్లేదు. "నా దోస్తుల్లో ఒకడు వచ్చిండు" అంటాం. 'దోస్తులో ఒకడు' అని పసిపిల్లాడు కూడా అనడు. దోస్తులు బహువచనం, వచ్చిండు ఏకవచనం. ఇంగ్లిష్‌లోనూ అచ్చం అంతే: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ హ్యాజ్ కమ్."

ఇదే గేజ్ దగ్గర తెలుగు కాలు లాగే చోటు కూడా ఉంది. "ప్రతి ఒక్కరూ వచ్చారు" అంటాం కదా. 'ఒక్కరూ' అని ఉన్నా క్రియ బహువచనంలో పెడతాం, గౌరవం కొద్దీ. అందుకే "ఎవ్రీవన్ హ్యావ్ కమ్" మన కంటికి తప్పుగా ఆనదు. ఎవ్రీవన్, ఈచ్, నోబడీ కర్తలైతే క్రియ ఏకవచనమే. 'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' ఇంకొక మలుపు. తెలుగులో 'తో పాటు'కు ముందున్నది కొసరు: మేనేజర్‌తో పాటు వర్కర్లు వచ్చారు అంటే వచ్చింది ముఖ్యంగా వర్కర్లు. ఇంగ్లిష్‌లో 'అలాంగ్ విత్'కు వెనకున్నది కొసరు. "ది మేనేజర్ అలాంగ్ విత్ ది వర్కర్స్" అంటే ముఖ్యుడు మేనేజరే, క్రియ 'హ్యాజ్'. 'ఐదర్... ఆర్', 'నైదర్... నార్' వస్తే మాత్రం క్రియకు దగ్గరున్న పేరే నిర్ణయిస్తుంది. "ఐదర్ ది సూపర్‌వైజర్ ఆర్ ది ఆపరేటర్స్ హ్యావ్" అనాలి. పేర్లు అటుదిటు చేస్తే 'హ్యాజ్' అవుతుంది.

ఇక కాలం. "రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను." తెలుగులో ఇంతకంటే శుద్ధమైన వాక్యం ఉండదు. దాన్ని మాటకు మాట దించితే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" వస్తుంది. ఇంటర్వ్యూల్లో ఈ బెల్టంతా చెప్పే వాక్యం అది. దాంట్లో రెండు తప్పులున్నాయి. రెండింటికీ కారణం మన 'నుంచి'. మనకు 'రెండేళ్ల నుంచి' అన్నా, 'ఉగాది నుంచి' అన్నా ఒకటే ప్రత్యయం. ఇంగ్లిష్ వాటిని విడదీస్తుంది. మొదలైన ఘడియ చెప్తే సిన్స్, గడిచిన నిడివి చెప్తే ఫర్. ఇక మొదలై ఇంకా సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్' కావాలి. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్."

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి దూరం పోనక్కర్లేదు, ముంబై హైవే వెంట ఉన్న బోర్డులు చాలు. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో పెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉంది. "ఇక్రిశాట్ హ్యాజ్ బీన్ ఎట్ పటాన్‌చెరు సిన్స్ 1972" అంటే ఒప్పు. హైదరాబాద్ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై, తర్వాత కందికి మారింది. "ది ఐఐటీ హ్యాజ్ స్టార్టెడ్ ఇన్ 2008" అంటే తప్పు. ముగిసిన ఏడాది, ముగిసిన రోజు కనిపించిందంటే 'హ్యాజ్', 'హ్యావ్' ఉండవు. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. 'వాజ్ ఫార్మ్‌డ్' అనాలి, 'హ్యాజ్ బీన్ ఫార్మ్‌డ్' కాదు. తెలుగులో "నిన్న చూశాను" అన్నా, "ఆ సినిమా చూశాను" అన్నా ఒకటే 'చూశాను' కాబట్టి మనకు ఈ గీత కనిపించదు. వాక్యంలో ఎస్టర్‌డే, లాస్ట్ ఇయర్, అగో, ఇన్ ఫలానా సంవత్సరం లాంటి మాట ఉందా అని చూడండి. ఉంటే ఒక్క అడుగు వెనక్కు వెళ్లి క్రియను చూడండి. తప్పు చాలాసార్లు ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

"నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు" నుంచి "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" వస్తుంది. నో, హ్యావ్, బిలాంగ్, అండర్‌స్టాండ్ లాంటివి స్థితులు. స్థితికి 'ఇంగ్' తోక పెట్టరు. తినడం, స్నానం లాంటి పనుల అర్థంలో 'హ్యావింగ్' వస్తే అది వేరే సంగతి. "వస్తే" అన్న షరతు దగ్గర తెలుగు మళ్లీ మన పక్షమే. 'వస్తే'లో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు. ఇంగ్లిష్‌లోనూ షరతు 'ఇఫ్' పక్కన 'విల్' పెట్టరు. "ఇఫ్ హి కమ్స్, ఐ విల్ గో." 'అన్‌లెస్' దగ్గర జాగ్రత్త. దాని కడుపులోనే 'కపోతే' ఉంది. "అన్‌లెస్ యు డోంట్ వర్క్" అంటే రెండు 'కపోతే'లు అయిపోతాయి.

చిన్న మాటల దగ్గరికి వద్దాం. రూల్స్ పుస్తకాలు ప్రిపొజిషన్లను పొడుగాటి పట్టికలుగా ఇస్తాయి. ఆ పట్టికలు రాత్రి చదివితే తెల్లారేసరికి ఎగిరిపోతాయి. వాటిలో చాలా తప్పులకు వెనక ఒక తెలుగు ప్రత్యయం నిలబడి ఉంటుంది. అది దొరికితే తప్పు పేరు పెట్టి పిలిచినట్టు గుర్తుంటుంది. 'గురించి చర్చించాం' కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ తగిలిస్తాం, అక్కర్లేదు. 'అతని మీద కోపం' కాబట్టి యాంగ్రీ ఆన్ అంటాం, విత్ ఉండాలి. 'ఆమెతో పెళ్లయింది' కాబట్టి మ్యారీడ్ విత్ అంటాం, టు ఉండాలి. 'దానికంటే మేలు' కాబట్టి సుపీరియర్ దాన్, ప్రిఫర్ టీ దాన్ కాఫీ అంటాం; రెండు చోట్లా టు. 'గదిలోకి ప్రవేశించాడు' కాబట్టి ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్ అంటాం, ఇన్‌టు తీసేయాలి. 'మీటింగుకు హాజరయ్యాను' కాబట్టి అటెండెడ్ టు ది మీటింగ్ అంటాం, టు వద్దు. 'తిరిగి ఇచ్చేశాను' నుంచి రిటర్న్‌డ్ బ్యాక్ పుడుతుంది, బ్యాక్ దండగ.

బహువచనాలూ ఇలాంటివే. మనకు సలహాలు, సామాన్లు, వార్తలు ఉన్నాయి. అందుకే అడ్వైసెస్, ఫర్నిచర్స్ రాస్తాం, "ది న్యూస్ ఆర్" అంటాం. అయితే పాలు, నీళ్లు కూడా మనకు బహువచనాలే. "నీళ్లొచ్చాయి" అనే మనిషి ఇంగ్లిష్‌లో ఎన్నడూ 'వాటర్స్ హ్యావ్ కమ్' అనడు. అంటే ఏది లెక్కపెట్టొచ్చు, ఏది లెక్కపెట్టలేం అనే తేడాను మన బుర్ర పట్టగలదు. నీళ్ల విషయంలో చేసిన పనినే సలహాకు, సమాచారానికి, సామానుకు, వార్తకు చేయిస్తే సరిపోతుంది.

ఆర్టికల్స్ సంగతికి వస్తే, మన లిపి చేసే మేలు నాకెంతో ఇష్టం. 'ఎ' పెట్టాలా, 'యాన్' పెట్టాలా అన్నది రాతను బట్టి కాదు, పలుకును బట్టి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పలుకు కనిపించదు, మన అక్షరాల్లో కనిపిస్తుంది. 'అవర్' అచ్చుతో మొదలవుతోంది, కాబట్టి యాన్ అవర్. 'యూనివర్సిటీ' హల్లుతో మొదలవుతోంది, కాబట్టి ఎ యూనివర్సిటీ. 'ఎమ్మెల్యే', 'ఐఐటీ', 'ఎస్సై' అన్నీ అచ్చులే, అన్నింటికీ యాన్. 'వన్ రుపీ' హల్లు, ఎ వన్-రుపీ కాయిన్. ఒక్క చోట మాత్రం మోసపోకూడదు. యాపిల్, యాక్సిడెంట్ అని రాస్తాం కదా, ఆ 'య' ఇంగ్లిష్‌ది కాదు, మన నోరు చేర్చుకున్నది. ఇంగ్లిష్ రాతలో మొదటి అక్షరం 'ఏ' అయితే ఆ 'య' మనదే అని గుర్తుపెట్టుకుని యాన్ పెట్టాలి. 'యూ', 'ఈయూ'తో మొదలై 'యూ' అని పలికితే ఆ 'య' వాళ్లది. పది పదాలు కాగితం మీద తెలుగులో రాసి చూసుకోండి, సందేహం పోతుంది.

'కదా' దగ్గరా కొంచెం ఆగాలి. "వస్తున్నావు కదా, తెలుసు కదా, పోలేదు కదా" అని ఒక్క 'కదా'తో లోకమంతా నడిపేస్తాం. అందుకే ప్రతి వాక్యం చివరా "ఈజంట్ ఇట్" తగిలిస్తాం. ఇంగ్లిష్ తోక, ముందున్న క్రియను బట్టి మారుతుంది. ముందు అవునంటే తోక కాదంటుంది. ముందు కాదంటే తోక అవునంటుంది. ఇక "వాడు యాడున్నడో తెల్వదు" అనే వాక్యం. ఇంగ్లిష్‌లో 'వేర్' వినగానే మన చెయ్యి ప్రశ్న ఆకారంలోకి పోతుంది: "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి." తెలుగులో 'ఎక్కడున్నాడు?' అన్న ప్రశ్న 'ఎక్కడున్నాడో'గా మెత్తబడ్డట్టే ఇంగ్లిష్‌లోనూ అది మామూలు వాక్యంగా మెత్తబడుతుంది: "వేర్ హి ఈజ్."

జంటల గురించి క్లుప్తంగానే చెప్తాను. నో సూనర్ అనే బోల్టుకు దాన్ అనే నట్టే పడుతుంది. హార్డ్‌లీ, స్కేర్స్‌లీ అనే వాటికి వెన్. లెస్ట్‌కు షుడ్. నాట్ ఓన్లీకి బట్ ఆల్సో. వేరే మరచుట్టు ఉన్న నట్టును ఎంత తిప్పినా ఎక్కదు. వీటి వెనక లాజిక్ వెతకొద్దు, చేతికి అలవాటు చేసుకోవడమే.

గీత గీసిన భాగాన్ని మెరుగుపరచమనే బిట్లకు పద్ధతి కొద్దిగా మారుతుంది. అక్కడ వాక్యాన్ని కాదు, ముందుగా ఆప్షన్లను చూడండి. నాలుగు ఆప్షన్లూ దేనిలో తేడాగా ఉన్నాయో అదే పరీక్షకుడు అడుగుతున్నది. క్రియల్లో తేడా ఉంటే కాలం గేజ్ తీయండి, టు, విత్, ఆన్ మారుతుంటే ప్రత్యయాల గేజ్. మిగతా వాక్యం మీద టైము పోనివ్వొద్దు. సీజీఎల్ మొదటి అంచెలో ఒక్కో ప్రశ్నకు సగటున 36 సెకన్లే దొరుకుతాయి. బ్యాంకు ఇంగ్లిష్‌లో 40. పాసేజీలకు ఎక్కువ పోతుంది కాబట్టి తప్పు పట్టే బిట్టును ఇరవై, ఇరవై అయిదు సెకన్లలో తేల్చేయాలి.

చాలామంది 'నో ఎర్రర్' నొక్కడానికి జంకుతారు. తప్పుందనే కదా అడిగారు, లేదని ఎలా చెప్పను అని అనుమానం. లేని తప్పును వెతుకుతూ నిమిషన్నర పోగొట్టి, చివరికి ఒప్పున్న ముక్కను తప్పని నొక్కుతారు. క్వాలిటీలో పనిచేసినవాళ్లను అడగండి. మంచి పీసును రిజెక్టు చేసినా అది కంపెనీకి నష్టమే. మూడు గేజులూ దాటి, జంటలూ సరిపోతే పీసు పాస్. నొక్కేసి ముందుకు పోవాలి.

ఏదీ తోచకపోతే గుడ్డిగా పెట్టాలా, వదిలేయాలా? దీనికి కోచింగుల్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. లెక్క వేసి చూద్దాం. సీజీఎల్ మొదటి అంచెలో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లున్న వంద బిట్లు గుడ్డిగా పెడితే సగటున 25 ఒప్పు, 75 తప్పు. వచ్చేది 50, పోయేది 37.5. అంటే గుడ్డిగా పెట్టినా కాస్త మిగులే. రెండో అంచెలో ఒప్పుకు 3, తప్పుకు 1. వచ్చేది 75, పోయేది 75. మిగిలేది సున్నా. బ్యాంకు ప్రిలిమ్స్‌లో ఒప్పుకు 1, తప్పుకు పావు, ఆప్షన్లు అయిదు. అక్కడా సున్నాయే. గేజులతో రెండు ఆప్షన్లను కొట్టేశారంటే కథ మారిపోతుంది. నాలుగులో రెండు మిగిలినప్పుడు సీజీఎల్ మొదటి అంచెలో వందకు 75 మార్కుల మిగులు, రెండో అంచెలో 100. అందుకే తప్పు ఎక్కడుందో తెలియకపోయినా, ఎక్కడ లేదో తెలిస్తే దానికి మార్కులున్నాయి. కర్త, క్రియ ఉన్న ముక్క సరిగ్గా ఉందని నమ్మకంగా చెప్పగలిగితే ఒక ఆప్షన్ పోయినట్టే.

పుస్తకాల మాట. ఈ బెల్టులో ఏ రూమ్‌లో చూసినా అట్ట చిరిగిన రెన్ అండ్ మార్టిన్ ఒకటి కనిపిస్తుంది. పి.సి. రెన్, హెచ్. మార్టిన్ బ్రిటిష్ కాలంలో రాసిన ఆ గ్రామరును తర్వాతి తరాలకు తగ్గట్టు సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావు. ఆ పేరు అట్ట మీదే ఉంటుంది, చాలామంది గమనించరు. మనకు దగ్గర్లోనే, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో ఒక సంస్థ హైదరాబాద్‌లో పుట్టింది. 1972లో విదేశీ భాషలనూ కలుపుకుని సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూగా కేంద్ర విశ్వవిద్యాలయమైంది. మన దేశంలో ఇంగ్లిష్‌ను ఎలా నేర్పాలో ఆలోచించడానికే పుట్టిన సంస్థ అది. అంత దగ్గర్లో అంత జ్ఞానం ఉండి, ఇస్నాపూర్ రూముల్లోకి చేరింది మాత్రం 'అయిదొందల రూల్స్' గైడ్లే. తెలుగువాడు ఏ తప్పు ఎందుకు చేస్తాడో తెలుగులో వివరించే ఒక చిన్న పుస్తకం ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉండాల్సింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక ఆ అవసరం ఇంకా పెరిగింది. మీడియం మారినంత మాత్రాన ఇంటి భాష మారదు. పిల్లలు "ప్రతి ఒక్కరూ వచ్చారు" అంటూనే పెరుగుతారు.

బయటి ప్రపంచంలో ఈ తరహా ప్రశ్నలు కొంత వెనక్కి తగ్గుతున్నాయి. ఎంబీఏకు రాసే జీమ్యాట్ 2023 చివర్లో తెచ్చిన కొత్త రూపంలో సెంటెన్స్ కరెక్షన్‌ను తీసేసింది. ఐఈఎల్‌టీఎస్‌లో ఇలాంటి బిట్లు లేనే లేవు, అక్కడ రాతలోనూ మాటలోనూ మీ గ్రామరును కొలుస్తారు. కాగితం మీద రాసే టోఫెల్ ఐటీపీలో మాత్రం 25 నిమిషాల్లో 40 ప్రశ్నల స్ట్రక్చర్ విభాగం ఇంకా ఉంది. కంది ఐఐటీ లాంటి చోట చదువుకుని విదేశం వెళ్లే పిల్లలకు ఈ బిట్ల బాధ తగ్గవచ్చు. షిఫ్టు దిగి కొలువు కోసం రాసేవాళ్లకు మాత్రం ఇవి తప్పేలా లేవు.

వాళ్లకు నేను చెప్పే సాధన ఒక్కటే, నేను చేసింది కూడా అదే. ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనండి. మాక్ టెస్టులో తప్పిన ప్రతి బిట్టునూ అందులో రాయండి. ఎడమ పక్క మీరు ఒప్పనుకున్న వాక్యం. మధ్యలో, ఆ తప్పు చేయించిన తెలుగు మాట. 'నుంచి' అయితే నుంచి, 'మీద' అయితే మీద, 'కదా' అయితే కదా. కుడి పక్క సరైన వాక్యం. తప్పును చెరిపేయొద్దు. మందుల కంపెనీలో నేర్పినట్టు ఒక్క గీత, పక్కన తేదీ. నా పుస్తకంలో మొదటి నెల మధ్య వరసలో ముప్పై, నలభై రకాల మాటలున్నాయి. మూడో నెలకు తిరిగి తిరిగి వస్తున్నవి ఏడే మిగిలాయి. నా శత్రువులెవరో పేరుపేరునా తెలిశాక భయం సగం పోయింది. అయిదొందల రూల్స్‌లో నాకు నిజంగా కావలసినవి ఆ ఏడే. మీ ఏడు వేరేవి కావచ్చు. ఎవరివి వాళ్లే తవ్వుకోవాలి.

ఈ వ్యాసం కోసం మళ్లీ ఆ దారిన తిరిగినప్పుడు పటాన్‌చెరులో 218 బస్సు ఎక్కాను. పక్క సీటులో ఒక తమ్ముడు. ఒళ్లో టిఫిన్ డబ్బా, చేతిలో ఫోను. తెర మీద బిట్టు నాకూ కనిపిస్తోంది: "ఐదర్ ది సూపర్‌వైజర్ ఆర్ ది ఆపరేటర్స్ హ్యావ్ సైన్డ్ ది షీట్." బొటనవేలితో సగం వాక్యం మూశాడు, తీశాడు. పెదాలు కదిలాయి, తెలుగులోకి తిప్పుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. బీహెచ్‌ఈఎల్ దాటింది. చివరి ఆప్షన్ మీద వేలు ఆనించి, నేను చూస్తున్నానని గమనించి తలెత్తాడు.

"ఇండ్ల తప్పేం లేదన్నా, లేదు కదా?"

నేను తలూపేలోపే నొక్కేశాడు. లింగంపల్లిలో జనం ఎక్కారు, అతను తర్వాతి బిట్టులోకి వెళ్లిపోయాడు.